చివర లేని పుస్తకం

బియ్యం డబ్బాలో కూడా లేదు.

జోగయ్య మోచేతి దాకా అంటిన తవుడు దులుపుకుంటూ వంటింట్లోంచి బయటికొచ్చాడు. పొద్దున్నించీ ఇల్లు తిరగేస్తున్నాడు. దివాను కింది పెట్టెలు హాల్లోకొచ్చాయి, రజాయిలు సోఫా ఎక్కాయి, దేవుడి గూట్లో పటాలు సైతం ఒకసారి కిందికి దిగి మళ్లీ పైకి చేరాయి. ఫౌజులో సుబేదారుగా రిటైరైన మనిషి. చీకట్లో సూది పడేసినా వెతికి పట్టుకుంటానని గొప్పలు పోయేవాడు. ఇప్పుడు రెండు గదుల ఫ్లాట్లో ఒక్క పుస్తకం దొరకడం లేదు.

"ఎక్కడ పెట్టావో చెప్పు నాగేశ్వరం."

నాగేశ్వరమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"నిన్నే అడుగుతున్నా."

"నేను చూళ్లేదు."

"చూడకపోతే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? హేముగాడి పెట్టెలో ఉంది. నిన్న సాయంత్రం కూడా ఉంది."

కొడుకు పేరు వినబడేసరికి ఆమె చేతిలో కాయ ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. హేమసుందర్ పోయి రెండు నెలలు కావస్తోంది. ఆ ఇంట్లో ఆ పేరు ఎవరు పలికినా మిగతా ఇద్దరూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టడం ఇంకా మానలేదు.

కూతురు వీణ తండ్రి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఇద్దర్నీ చూస్తోంది. ఆమె ఆఫీసు బ్యాగు కుర్చీకి వేలాడుతోంది. అందులో ఉన్నదేమిటో తెలిస్తే తండ్రి వెతుకులాట ఆపేస్తాడు. బహుశా మాట్లాడడం కూడా ఆపేస్తాడు. అందుకే అటు చూడకుండా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నొక్కుతోంది.

"సాయంత్రం మీటింగుకి నేను ఉత్త చేతులతో వెళ్లాలా?" అన్నాడు జోగయ్య.

"వెళ్లమని ఎవరన్నారు? ఏడాది తిరగని ఇల్లు. సభలకీ సంబరాలకీ ఎవరైనా వెళ్తారా?"

"సంబరం కాదే. వాడి వంతు."

అదీ గొడవ.

ద్వారక తెలుగు సమితిలో ఒక ఆనవాయితీ ఉంది. డిసెంబరులో ఒక ఆదివారం సాయంత్రం పెద్దలంతా కమ్యూనిటీ హాల్లో చేరతారు. ఒక్కొక్కరే మైకు ముందుకొచ్చి, తన బతుకులో తనకి పనికొచ్చిన పుస్తకం ఒకటి చెబుతారు. చెప్పి ఊరుకుంటే చాలదు. తన సొంత ప్రతిని అక్కడికక్కడే ఒక చిన్నవాళ్ల చేతిలో పెట్టాలి. పుచ్చుకున్నవాళ్లు మరుసటి ఏడు అదే మైకు ముందు నిలబడి, తనకేం అర్థమైందో చెప్పి, ఇంకొకరికి అందించాలి. చెప్పకుండా తప్పించుకున్నవాళ్లని సమితిలో ఏళ్ల తరబడి ఏడిపిస్తారు.

పోయినేడు సమితి అధ్యక్షుడి హోదాలో జోగయ్య చెప్పిన పుస్తకం ఒక పాత నవల. అట్ట మీద పడవ బొమ్మ. ఇంట్లో అందరూ దాన్ని పడవ పుస్తకం అనేవాళ్లు. లంక గ్రామంలో ఒక కుర్రాడు, 'నేనేదో అయ్యాకే ఈ రేవులో కాలు పెడతాను' అని ఒట్టేసుకుని పట్నం వెళ్లిపోయే కథ. చివరి పేజీలు లేవు. సరిహద్దు పోస్టులో ఉన్నప్పుడు చలికి బుఖారీ పొయ్యి అంటించడానికి ఎవరో చింపేశారట. "నేను చదివాకే చింపార్లే" అనేవాడు జోగయ్య. ఆ కథ చివర తనే నోటితో చెప్పేవాడు. కుర్రాడు పెద్ద ఉద్యోగంతో పడవ దిగుతాడు, రేవంతా నిలబడిపోతుంది.

ఆ పుస్తకాన్ని పోయినేడు ఎవరికో కాదు, సొంత కొడుకు చేతిలోనే పెట్టాడు. కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్న కొడుకు. చప్పట్లు మోగాయి. మైకు చేతికొస్తే మనిషికి మాట మీద అదుపుండదు. "మావాడు కూడా గెలిచాకే ద్వారక స్టేషన్లో దిగుతాడు!" అన్నాడు జోగయ్య. మళ్లీ చప్పట్లు. హేమసుందర్ సిగ్గుపడి నవ్వాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. తండ్రి సరదాకన్న మాటని కొడుకు ఒట్టుగా తీసుకున్నాడు. వేసవిలో ప్రిలిమ్స్ పోయింది. ఇంటికి రాలేదు. తల్లి పుట్టిన రోజుకీ రాలేదు. కరోల్ బాగ్‌కీ ద్వారకకీ మధ్య ఉన్నది ఒకటే మెట్రో, నడుమ రైలు మారాల్సిన పని కూడా లేదు.

అక్టోబరులో జ్వరం వచ్చింది. డెంగ్యూ అని తెలిసి, స్నేహితుడు ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంటికి ఫోను చేసేసరికే ఆలస్యమైపోయింది.

"మనోహర్ పొద్దున కూడా ఫోను చేశాడు," అన్నాడు జోగయ్య. "'మీ టర్న్ స్కిప్ చేద్దామండీ, కమిటీ కూడా అదే ఫీలయింది' అంటాడు. స్కిప్పేవిటి? పుస్తకం పుచ్చుకుని చెప్పకుండా పోయాడన్న మాట నా కొడుక్కి రాకూడదు. వాడి బదులు నేను చెబుతాను. చెప్పి గోపీకృష్ణకిస్తాను."

ఈనెలు తీసే చెయ్యి ఈసారి పూర్తిగా ఆగిపోయింది. గోపీకృష్ణ హేమసుందర్ గదిలో ఉండే కుర్రాడు. ఆస్పత్రికి మోసుకెళ్లింది అతనే.

"ఇంకో పిల్లాడి చేతిలో పెడతారా దాన్ని?"

"అది వాడికి దన్నుగా ఉంటుంది. ఆఖరి అటెంప్టు."

"వాడికీ తల్లుందండి. జగిత్యాలలో బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది, కొడుకెప్పుడొస్తాడా అని."

"పుస్తకం ఏం చేసిందే? దోమ కుట్టింది, జొరం వచ్చింది. ఢిల్లీలో ఎంతమందికి రాలేదు?"

"వచ్చింది. ఎంతమందికో వచ్చింది," అంది నాగేశ్వరమ్మ. "వాళ్లు ఇంటికెళ్లి పడుకున్నారు."

కింద కూరగాయల బండివాడు "మటర్, గాజర్" అని అరుచుకుంటూ వెళ్లిపోయాడు. జోగయ్య ఇస్త్రీ చొక్కా అందుకుని గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. మనిషి అరిచినప్పుడు కాదు, ఇలా మెల్లగా తలుపేసుకున్నప్పుడే వీణకి గుండె తరుక్కుపోయేది.

ఆమె వంటింట్లోకెళ్లింది. తల్లి చిక్కుడుకాయలు కడుగుతోంది. కడిగినవే మళ్లీ కడుగుతోంది.

"ఎక్కడ దాచావమ్మా?"

"నువ్వూ మొదలెట్టావా?"

"నాన్నకివ్వమని కాదు. ఊరికే అడిగాను."

నాగేశ్వరమ్మ పంపు కట్టేసింది. చెంగుకి చేతులు తుడుచుకుని కూతురి మొహంలోకి చూసింది. "గురువారం నీకేదో పార్సిలొచ్చింది కదా. ఏవిటది?"

"ఆఫీసుది."

"విజయవాడ నించి ఆఫీసు సామానొస్తుందా?"

వీణ బుర్ర గోక్కుని, "ఒక ఫ్రెండ్ పంపిందమ్మా" అంది. తల్లి "అచ్ఛా" అని ఊరుకుంది. ఆ అచ్ఛాలో నమ్మకం లేదు, నిలదీయడమూ లేదు. ఢిల్లీ వచ్చాక ఆమె నేర్చుకున్న హిందీ మాటల్లో ఆ ఒక్కటీ ఎన్ని రకాలుగా వాడాలో ఆమెకే తెలుసు.

పార్సిల్లో వచ్చింది పడవ పుస్తకమే. ఇంకో ప్రతి. తమ్ముడి సామానుతోపాటు చిరిగిన పుస్తకం ఇంటికొచ్చిన రోజున వీణ దాని ఆఖరి పేజీ చూసింది. 'రైలు కూత వినిపించింది. అతను' అన్నచోట కాగితం అయిపోయింది. తమ్ముడు కూడా ఇక్కడే ఆగిపోయి ఉంటాడని అనిపించి కుదురుగా ఉండలేకపోయింది. అట్ట ఫొటో తీసి పాత పుస్తకాల కొట్లన్నిటికీ పంపితే, విజయవాడలో ఒకాయన దగ్గర దొరికింది.

శుక్రవారం ఆఫీసుకెళ్తూ మెట్రోలో చదివింది. కూత తరవాత అతను ఆ రైలెక్కుతాడు. ఉద్యోగం లేదు, చేతిలో ఏమీ లేదు. ఉత్త మనిషిగా, వానలో తడుస్తూ రేవు దాటి ఇంటికెళ్తాడు. తల్లి 'ఏం సాధించావురా' అనదు. తడి చొక్కా విప్పమంటుంది. రేవులో ఎవరూ నిలబడిపోరు. ఆ పుస్తకం రాసింది గెలిచి రావడం గురించి కాదు, ఓడినా రావచ్చని చెప్పడానికి.

అంటే నాన్న చదవలేదు. ఆయన చేతికొచ్చేసరికే ఆ పేజీలు లేవు. చివర ఆయన కల్పించుకున్నదే.

పక్క సీటు ఆవిడ "క్యా హువా బేటా?" అని నీళ్ల సీసా ఇచ్చేదాకా తను ఏడుస్తున్నట్టు వీణకి తెలియలేదు. చదువుతుంటే ఆమెకి ఒక ఫోను గుర్తొచ్చింది. అక్టోబరు మొదట్లో, అందరూ భోజనాల దగ్గరున్నప్పుడు వచ్చింది. స్పీకరు పెట్టి ఉంది. హేమసుందర్ గొంతు బొంగురుగా ఉంది. నిద్ర చాలలేదన్నాడు. మామూలు కబుర్లయ్యాక అడిగాడు.

"నాన్నా, ఆ పుస్తకంలో చివరికి వాడు ఇంటికెళ్తాడా?"

"వెళ్లడు రా," అన్నాడు జోగయ్య ముద్ద కలుపుతూ. "గెలిచాకే వెళ్తాడు."

"సరే నాన్నా" అని పెట్టేశాడు.

* * *

హాలు బయట గోపీకృష్ణ చలికి చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వీణని చూసి నమస్కారం చేశాడు. మనిషి చిక్కిపోయాడు. మెడ చుట్టూ ఉన్న మఫ్లరు హేమసుందర్‌దని వీణ గుర్తుపట్టింది, అడగలేదు.

"ఆ పుస్తకం నువ్వు తీసుకోవద్దు గోపీ."

"అంకుల్ పిలిచిండక్కా. నేనొద్దంటే ఆయన ఏమైతడో చూసినవా? అన్న బదులు నన్ను చూస్కుంటుండు."

"నువ్వు ఇంటికెళ్లి ఎన్నాళ్లయింది?"

అతను తల దించుకున్నాడు. "బతుకమ్మకి పోదామనుకున్న. అప్పుడే అన్న పాయె. ఇగ ఉత్త చేతుల్తోని ఏం పోతనని..."

అదే మాట. వేరే నోట్లో.

"గోపీ, నిజం చెప్పు. హేము ఇంటికి ఫోను చేసి కథ గురించి అడిగాడు చూడు, అప్పటికి..."

"అప్పటికే జరముండె అక్కా," అన్నాడు గోపీకృష్ణ. "రెండు దినాల సంది ఉండె. 'ఇంటికి పోదాం పా అన్నా, నేను తోల్కపోత' అన్న. నాన్నకి ఫోన్ చేసి చూస్త అన్నడు. చేసినంక మల్ల పండుకుండు. 'ఇంటికి పోను తియ్' అన్నడు."

వీణ గోడకి చెయ్యి ఆన్చింది. తమ్ముడు కథ అడగలేదు. రావచ్చా అని అడిగాడు. నోరు తెరిచి అడగలేక పుస్తకం చాటున నిలబడి అడిగాడు. తండ్రి చదవని పేజీలోంచి జవాబు చెప్పాడు.

ఇది నాన్నకి చెబితే? ఆయన మిగలడు. చెప్పకపోతే? ఈ కుర్రాడు ఇంకో ఏడు అదే గదిలో, అదే మంచం మీద.

"అక్కా, లోపలికి పిలుస్తుండ్రు" అన్నాడు గోపీకృష్ణ.

* * *

హాల్లో సగం కుర్చీలు నిండాయి. సమితి పెద్దలు ముందు వరసలో ఒడిలో పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. రిటైర్డు టీచరు ఇంద్రాణి గారు పిల్లల పొడుపుకథల పుస్తకం చూపించి, నోరు తెరవని పిల్లలు దాని వల్లే తన క్లాసులో నోరు తెరిచారని చెప్పారు. డాక్టరు గారొకాయన ఇటుకంత లావు ఆరోగ్య గ్రంథం ఎత్తి పట్టుకునేసరికి, దాన్ని పుచ్చుకోవాల్సి వస్తుందేమోనని కుర్రాళ్లంతా చెప్పులు సర్దుకునే నెపంతో వంగారు. జనం నవ్వారు. పోయినేడు ఇదే నవ్వులో హేమసుందర్ కూడా ఉన్నాడు. వీణకి ఆ నవ్వు వినబుద్ధి కాలేదు.

కార్యదర్శి మనోహర్ మైకు దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. "నెక్స్ట్ మన అధ్యక్షులు జోగయ్య గారు. ఆయన ఎవరి బదులు మాట్లాడతారో అందరికీ తెలుసు."

జోగయ్య లేచాడు. నిటారుగా నడిచి వెళ్లాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"పుస్తకం తేలేదు," అన్నాడు. "ఇంట్లో ఎక్కడో పెట్టి మర్చిపోయాం. కానీ కథ నాకు కంఠతా వచ్చు. మా హేమసుందర్ దీన్ని చదివాడు. చదివి, మాట మీద నిలబడ్డాడు. నిలబడి..."

గ్లాసు అందుకున్నాడు. తాగకుండానే కింద పెట్టాడు.

"గోపీ, ఇలా రా బాబూ."

గోపీకృష్ణ వీణ వైపు ఒకసారి చూసి లేచాడు. సరిగ్గా అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

నాగేశ్వరమ్మ. పొద్దుటి చీరే, పైన శాలువా. ఇంట్లోంచి గడప దాటి రెండు నెలలైన మనిషి కుర్చీల మధ్య నుంచి మెల్లగా నడిచి వస్తోంది. ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. శాలువా కింది నుంచి ఆమె చెయ్యి బయటికొచ్చింది. చేతిలో పడవ బొమ్మ అట్ట.

"మేడమ్ గారే తెచ్చారు!" అన్నాడు మనోహర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

జోగయ్య మొహం విప్పారింది. పొద్దున్నించీ వెతికిన పుస్తకం కోసం రెండు చేతులూ చాపాడు. ఆమె ఇవ్వలేదు. రొమ్ముకి హత్తుకుని అతని ఎదురుగా నిలబడింది.

"ఇస్తానండి," అంది. "ముందు ఒక మాట చెప్పండి. చివరికి వాడు ఇంటికెళ్తాడా?"

మైకు ఆ మాటని హాలంతా మోసింది. జనానికి అది పుస్తకం గురించి అడిగిన ప్రశ్న. ఆ ఇంటి ముగ్గురికి కాదు.

"నాగేశ్వరం, ఇక్కడెందుకే..."

"మీ కొడుకు అడిగాడు. ముద్ద కలుపుతూ చెప్పారు. ఇప్పుడు నేనడుగుతున్నాను, ఈ పిల్లాడి మొహం చూస్తూ చెప్పండి. వెళ్తాడా, వెళ్లడా?"

జోగయ్య గోపీకృష్ణని చూశాడు. అతని మెడలోని మఫ్లరు చూశాడు. ఏళ్ల తరబడి తడుముకోకుండా చెప్పిన ముగింపు నోటి దాకా వచ్చింది. వీణకి తెలుస్తోంది, పెదవులు కదిలాయి. ఫౌజు నేర్పిన నిటారుతనం భుజాల దగ్గర మొదలై నెమ్మదిగా జారిపోయింది.

"నాకు తెలీదే," అన్నాడు.

గోపీకృష్ణ మీంచి చూపు భార్య చేతిలోని పుస్తకం మీదికి మళ్లించాడు.

"ఆ పేజీలు నేనెప్పుడూ చూళ్లేదు. నాకొచ్చేసరికే లేవు. గెలిచే వెళ్తాడు కదా అనుకున్నాను. ఇంకెలా వెళ్తాడు?" అన్నాడు.

నాగేశ్వరమ్మ కళ్లు తుడుచుకోలేదు. వెనక్కి తిరిగి, కుర్చీల్లో వెతికి, కూతురి మీద చూపు నిలిపింది.

"వీణా, నీ పార్సిల్లో కూడా ఈ పడవే ఉంది. అట్ట చూశాను, లోపల చదవలేదు. నాకు ధైర్యం చాల్లేదు. నువ్వు చదివావు. నువ్వు చెప్పు."

తలలన్నీ ఇటు తిరిగాయి. వీణ లేచి నిలబడింది. 'వెళ్తాడు' అన్న ఒక్క మాటతో గోపీకృష్ణ రేపు జగిత్యాల రైలెక్కుతాడు. ఆ ఒక్క మాటతోనే అక్కడ నిలబడ్డ మనిషి బతికున్నన్నాళ్లూ ఆ ఫోను వింటూనే ఉంటాడు. చెప్పనా వద్దా అని తల్లిని కళ్లతో అడిగింది. తల్లి పుస్తకాన్ని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది.

"నాన్నా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం, ప్లీజ్" అంది.

జోగయ్య తల అడ్డంగా ఊపాడు. ఒక చేత్తో మైకు స్టాండు పట్టుకున్నాడు, రెండో చెయ్యి గోపీకృష్ణ భుజం మీద వేశాడు. ఆసరాకో, ఆపడానికో తెలియలేదు.

"చెప్పు తల్లీ," అన్నాడు. "హేముగాడు అడిగినదానికి జవాబు నేనూ వినాలి."

వీణ భుజానికున్న ఆఫీసు బ్యాగు జిప్పు తీసింది.